గౌరవ వందనంలో గట్టిమేళం

నా పెద్ద డ్రమ్ము తోలు మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను, ఇందులో ప్రతి ముక్కా నిజం. (మా ఆవిడ ఈ వాక్యం దగ్గరే పకపకా నవ్వింది. మీరలా చేయకండి.) ఆ రోజుల్లో తొర్రూరు చుట్టుపక్కల మా బాపు బ్యాండు లేకుండా పెళ్లి జరిగేది కాదు. పదేళ్లు నిండకముందే నా మెడలో డోలు పడింది. పుస్తె కట్టే వేళ పెళ్లి చేయించే అయ్యగారు వేలు పైకి లేపితే చాలు, ఏ చెడుమాటా వినపడకుండా చెవులు చిల్లులు పడేలా వాయించాలి. ఆ వేలి కోసం కాచుకుని ఉండటమే నేను చదివిన చదువు. దాంతోనే ఇరవయ్యో ఏట సైన్యం బ్యాండులో చేరాను. బాపు ఊరంతా మిఠాయిలు పంచాడు.

అక్కడ క్లారినెట్ వాయించే నర్మెట్ట ఊరి అన్న ఒక్కడే మన తెలుగువాడు. శిక్షణ చివర్లో ఒక పెద్ద అధికారికి గౌరవ వందనం. అందులో తప్పు చేసినవాణ్ని ఇంటికి పంపేస్తారని చెప్పారు.

"అన్నా, చేతులు వణుకుతున్నయ్. ఎల్లగొడితే బాపుకు మొఖమెట్ల సూపియ్యాలె?"

"పరేషాన్ గాకురా తమ్మీ. ముంగట నడిచే మీసాల హవల్దారు కర్ర లేపితేనే కొట్టు, గంతే. జర ఊపిరి తీస్కో, సచ్చిపోతవ్."

వందనం అయింది. బ్యాండు మౌనంగా నిలబడింది. అధికారి వరుసల మధ్య నడుస్తూ ఒక్కో జవానునూ పరికిస్తున్నాడు. చీమ చిటుక్కుమన్నా వినపడే నిశ్శబ్దం. నా పాడు కళ్లు హవల్దారు కర్రను వదిలి అధికారి చేతి మీద పడ్డాయి. ఒక జవాను గుండీ వదులుగా కనిపించినట్టుంది, ఆయన వేలు పైకి లేపాడు.

ధనధనధనధన! నా చేతులు నన్నడగలేదు. డ్రమ్ము మోగితే అందుకోవడం బ్యాండుకు అలవాటు కదా, బాకాలు కూడా లేచాయి. గుండీ జవాను అచ్చం పెళ్లికొడుకులా తల దించుకున్నాడు. హవల్దారు మీసాలు చెరో దిక్కుకు తిరిగాయి.

"ఎవని పెండ్లిరా గిది?" అని పక్కనుంచి నర్మెట్ట అన్న గొణిగాడు.

సాయంత్రం నన్ను ఆఫీసులో నిలబెట్టారు. అన్న తనకొచ్చిన హిందీలో వేలి సంగతి విడమరిచి చెప్పాడు. అధికారి కుర్చీ అదిరేలా నవ్వి, "అయితే పెళ్లయిపోయినట్టే. వీడిక మనవాడే!" అన్నాడు.

ప్రమాణం చేశాను గనుక ఒప్పుకోక తప్పదు. వేలు నిజం, మేళం నిజం, వణుకు మరీ నిజం. ఆ నవ్వు మాత్రం నా కల్పన. ఆయన మొహంలో ఒక్క గీత కూడా కదల్లేదు. అంతా విని, వెళ్లమని సైగ చేశాడు. ఉంచుతారో పంపుతారో ఎవరూ చెప్పలేదు. పెట్టె సర్దుకుని నెలరోజులు ఆ కబురు కోసం చూశాను. రాలేదు. ఆ బ్యాండులోనే నా జుట్టు నెరిసింది. కానీ పెట్టె మీద కూర్చుని గోళ్లు కొరుక్కున్న ఆ పిల్లగాడి కోసం ఆ రోజు ఎవరైనా ఒక్కసారి నవ్వి ఉంటే బాగుండేది. ఎవరూ నవ్వలేదు గనుక, ఇన్నేళ్లకు నేనే ఆయన్ను నవ్వించాను.