తొమ్మిదింటికి కదిలిన వ్యాను

తుప్పు పట్టిన బోల్టు మీద నూనె చుక్కలు వేసి, అది నానేదాకా పక్కనే కూర్చుంటే, ఇంజను వేడికి ఒక ఘాటు వాసన లేస్తుంది. మలేషియాలో, క్లాంగ్‌లోని మా పోర్చిలో నిన్న ఆ వాసన తగలగానే నేను పెరిగిన తోట ఊరు బాగన్ దాతుక్ గుర్తొచ్చింది. పగలు బళ్లో లెక్కలు చెబుతాను, సెలవుల్లో కార్లు విప్పుతాను. నా కారు టర్బో నేనే మార్చుకుంటున్నానంటే తోటి టీచర్లు నవ్వారు. నవ్వనీ, నేను చూసి నేర్చుకున్నది మా నాన్న దగ్గర.

నాన్న మెకానిక్కు కాడు, తోటలో పామాయిల్ గెలలు కోసేవాడు. మధ్యాహ్నం పని దిగి, తలకి తువ్వాలు చుట్టుకుని, మా పాత డీజిల్ వ్యాను కింద దూరేవాడు. ఇంజనుకి గాలి దట్టించే టర్బో పోయి, ఆ వ్యాను నీలం పొగ కక్కుతూ మూలపడింది. బటాంగ్ బెర్జుంటైలో నానమ్మ చెల్లెలు సత్తెమ్మ మంచాన పడిందని కబురొచ్చింది. అప్పచెల్లెళ్లు చూసుకుని పదకొండేళ్లు. బస్సులు మారి వెళ్లే ఓపిక నానమ్మ మోకాళ్లకి లేదు. ఉగాదికి తీసుకెళ్తానని మాటిచ్చి, నాన్న కొత్త టర్బో కొనుక్కొచ్చాడు.

ఆ వారమంతా కొబ్బరి డొక్కల పొగ, సాయంత్రపు వాన, అమ్మ కరిగించే బెల్లం పాకం, గుడి పెరట్లోంచి తెచ్చిన వేపపువ్వు, వీటన్నిటి మధ్య నాన్న సామాన్లు కడిగే కిరసనాయిలు కంపు. మేం మెట్ల మీద అచ్చనగాయలు ఆడుతుంటే, నాన్న విప్పిన ప్రతి గొట్టం మూతిలో నానమ్మ పాత చీర ముక్క కుక్కి, లోపల ఇసుక రేణువు పడకుండా కాపలా కాసేవాడు.

ఉగాది సోమవారం వచ్చింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. క్యారియర్‌లో పులిహోర, బూరెలు సర్దారు. గంజి పెట్టిన చీరలో నానమ్మ అందరికంటే ముందు ఎక్కి కూర్చుంది. నాన్న ఆఖరి గొట్టం బిగించేసరికి ఏడుంబావు.

"బేగి తియ్యరా, ఏడున్నరకి రాహుకాలం వచ్చేస్తాది!"

నాన్న తాళం తిప్పబోయి ఆగిపోయాడు. నానమ్మ తొందరలో పడి, కొత్త టర్బోకి నూనె పట్టించడమే మరిచాడు. దాని ఇరుసు నూనె పొర మీద తిరగాలి, పొడిగా తిరిగితే మొదటి రోజే పాడవుతుంది.

"దిగమ్మా. నూనెట్టకుండా తిప్పితే దారిలో ఉండిపోతాం."

"రాహుకాలంలో బయల్దేరితే నా సెల్లెలు ఉంటాదేట్రా?" నానమ్మ సీటు అంచు గట్టిగా పట్టుకుంది. ఆవిడ అలా భయపడటం నేనెప్పుడూ చూడలేదు.

నాన్న వ్యాను దిగాడు. బిగించిన గొట్టం మళ్లీ విప్పి, సన్నని ధారగా నూనె పోసి, లోపలి రెక్కని వేలితో తిప్పి చూశాడు. డీజిల్ అందకుండా తీగ తీసేసి, ఇంజను అంటుకోకుండా ఊరికే పదిసార్లు తిప్పాడు. అంతా అయ్యేసరికి ఎనిమిది. చేతులు కడుక్కుని మెట్టు మీద కూర్చున్నాడు.

"నీ మాటే కానీ. రాహుకాలం దాటాక, తొమ్మిదికే ఎల్దాం."

ఆ గంటసేపు నానమ్మ ఉగాది పచ్చడి ముట్టలేదు. తొమ్మిది దాటాక వ్యాను ఒక్క తిప్పుకే అంటుకుంది, పొగ చుక్క లేదు. నాకైతే గర్వంతో ఛాతీ ఉబ్బిపోయింది.

సత్తెమ్మ మెట్టింది తమిళుల ఇల్లు. గడపలో అడుగుల చప్పుడుకి ఆవిడ కళ్లు మూసుకునే తమిళంలో రమ్మంది. తర్వాత కళ్లు తెరిచి నానమ్మని చూసి, తెలుగులో పిలిచింది.

"అప్పా! ఇన్నాళ్లకి వచ్చినావా!"

చీకటి పడేదాకా ఇద్దరూ చేతులు వదలకుండా మాట్లాడుకున్నారు. సత్తెమ్మ మనవలు గుమ్మంలో గుంపుకట్టి నోళ్లు తెరిచి చూశారు. తమ అవ్వకి అలాంటి భాష ఒకటి వచ్చని వాళ్లకి అప్పటిదాకా తెలియదు. ఆ నెల తిరక్కుండానే సత్తెమ్మ పోయింది.

ఈ ఉదయం నేనూ నూనె పోసి, ఓపిగ్గా తిప్పి, కారు స్టార్ట్ చేశాను. ఇంజను హాయిగా పలికింది. ముందు ఎక్కడికి వెళ్దామని మా అమ్మాయి మలయ్ భాషలో అడిగింది. బటాంగ్ బెర్జుంటై ఇక్కడికి గంట దూరం, ఈ కారు మీద నాకు పూర్తి నమ్మకం. కానీ నన్ను చూసి తమిళం ఆపి తెలుగులోకి మారే మనిషి ఆ ఊళ్లో ఇప్పుడు ఒక్కరూ లేరు.