విరిగిన పిడికి తగిన ఇంగ్లీషు క్రియ

ఆ మధ్యాహ్నం కోవిల్‌పట్టి ఫ్యాక్టరీ గదిలో ఉన్నవి: పట్టీ కోసే యంత్రానిది, రెండు ముక్కలైన ఇనుప పిడి, సగం కోతలో ఆగిపోయిన పల్లీపట్టీ తట్ట, ఒక ఫోను. ఉన్నవాళ్లు: మొదలాళి (అంటే యజమాని), సూపర్‌వైజర్ సుబ్బయ్య, యంత్రం నడిపే గురులక్ష్మి, మెయింటెనెన్స్ ఇంజనీరునైన నేను. అక్కడ నాకది రెండో వేసవి. ఇప్పుడా ఉద్యోగం వదిలేశాను. ఆ పని ఎలా ఉండేదని అడిగేవాళ్లకు ఈ సంగతే చెబుతుంటాను.

తట్టలో పరిచిన బెల్లం పాకం వేడిగా ఉండగానే పిడి కిందికి దించాలి. అప్పుడు బ్లేడ్లు దిగి, పట్టీ చదరపు ముక్కలవుతుంది. చల్లారితే బ్లేడు మొరాయిస్తుంది. యంత్రం తయారుచేసిన విరుదునగర్ వర్క్‌షాపువాళ్లు గ్యారంటీ గడువులో విరిగిన భాగాన్ని మార్చి ఇస్తారు, నడిపిన మనిషి తప్పు లేకపోతే. తప్పుందని తేలితే, మా ఫ్యాక్టరీ రివాజు ప్రకారం ఆ మనిషి యంత్రం వదిలి ప్యాకెట్లు చుట్టే బల్లకు పోవాలి. గురులక్ష్మి ఏళ్ల తరబడి ఆ బల్ల దగ్గర కూర్చుని, ఆ ఏడాదే యంత్రం దగ్గరికి వచ్చింది. ఇళ్లలో తెలుగు, బజారులో తమిళం మాట్లాడే మేము వర్క్‌షాపుకు మాత్రం ఇంగ్లీషులో రాయాలి. పిడిని ఆపరేటర్ ఏం చేసిందన్న ప్రశ్నకు నేను ఫోనులో కొట్టబోయే క్రియ మీద ఆమె చోటు ఆధారపడి ఉంది.

"ఫోర్స్‌డ్ అని కొట్టు తంబీ," అన్నాడు సుబ్బయ్య.

అలా రాస్తే, దిగనంటున్న పిడిని మొండిగా దించిందని అర్థమొస్తుందన్నాను. పుష్ అంటే దూరంగా నెట్టడం. ఈ పిడి కిందికి దిగేది. ప్రెస్ అంటే బరువు మోపి అదమడం. నా ఓటు దానికే. మొదలాళికి ఆ మాట ఆనలేదు.

"ఇంత పెద్ద మిషినుకు ప్రెస్సా? కాలింగ్ బెల్లు మాదిరి ఉండాది. కంపెల్ అని ఒకటి ఉండాదే, అది వెయ్యి."

కంపెల్ మనుషులకే చెల్లుతుందని చెప్పాను. ఇష్టం లేని పనిని ఇంకొకరి చేత చేయించడమని అర్థం కూడా వివరించాను.

గోడకానుకుని నిలబడిన గురులక్ష్మి ముందుకొచ్చింది. "ఐతే ఆ మాట నాకు వెయ్యండి. పాకం ఆరిపోయె, ఈ తట్ట వద్దు మామా అంటిని. సీక్రం దించు, సీక్రం దించు అని తల మీద నిలబడి అరిచింది ఎవురు?"

"నేనెక్కడ కంపెల్ చేస్తిని? ఊరికే చెప్తిని," అన్నాడు సుబ్బయ్య.

"ఊరికే చెప్తే బయట టీ కొట్టోడికి ఎట్ల వినబడె మామా?"

ఊరికే చెప్పడానికీ కంపెల్‌కూ నడుమ మాటలేమైనా ఉన్నాయా అని మొదలాళి నన్ను అడిగారు. పర్సుయేడ్ ఉంది, నచ్చజెప్పి ఒప్పించడం. అర్జ్ ఉంది, వెంటపడి తొందరపెట్టడం. సుబ్బయ్య వెంటనే పర్సుయేడ్ పక్షం చేరాడు.

"నచ్చజెప్పే నోరా అది?" అంది గురులక్ష్మి. "మీ ఇంట్లో అత్తను పిలిచి అడుగుదామా?"

బలవంతం అన్న మాట ఏ దారిలో వచ్చినా చివరకు తన దగ్గరికే చేరుతోందని సుబ్బయ్యకు అర్థమైంది. "నువ్వు చెప్పిన ప్రెస్సే బాగుండాది తంబీ," అన్నాడు.

ప్రెస్ అనే పంపాను. కాసేపటికి విరుదునగర్ నుంచి వాళ్ల ఇంజనీరు ఫోన్ చేశాడు. అదిమితే ఇనుము విరగదని, అసలెంత అదిమారని తమిళంలో అడిగాడు. దానికి నా దగ్గర ఏ క్రియా లేదు.

ఎదుటి అంగడి నుంచి మిరపకాయల మూటలు తూచే కొక్కెం త్రాసు తెచ్చాము. యంత్రానికి పాత పిడి ఒకటి బిగించి, కొసకు త్రాసు తగిలించి, కావాలనే చల్లార్చిన తట్ట పెట్టి, వీడియో తీశాము. లాగింది గురులక్ష్మి. మెల్లగా లాగమని మొదలాళి, గట్టిగా లాగమని సుబ్బయ్య.

"మీరిద్దురూ సేరి నన్ను కంపెల్ చెయ్యొద్దు," అంది ఆమె.

మూడుసార్లు కొలిచాము. కోసిన పట్టీ అంతా అక్కడే తినేశాము. వర్క్‌షాపువాళ్ల కాగితం ప్రకారం ఆ పిడి నలభై కిలోల లాగుడు తట్టుకోవాలి. విరిగిన చోట ఫొటో తీసి పంపితే, పోతపోసినప్పుడు మిగిలిన గాలి గుల్ల కనిపించిందని వాళ్లే ఒప్పుకున్నారు. కొత్త పిడి వచ్చింది. గురులక్ష్మి యంత్రం దగ్గరే ఉండిపోయింది. సుబ్బయ్య గొంతు మాత్రం తగ్గలేదు.

బలం గురించి రాయమంటే ఎవరైనా తమ చెయ్యి కనబడని క్రియనే ఎంచుకుంటారని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత నా రిపోర్టుల్లో కొలవగలిగిన ప్రతిచోటా క్రియ పక్కన అంకె వేశాను. చల్లారిన తట్ట మీద గురులక్ష్మి లాగింది పంతొమ్మిది కిలోలు.