సగంలో ఆగిన దువ్వెన

గురువారం పొద్దున్న ఆటోనగర్‌లో స్కూటర్ బ్రేకులు బాగుచేయిస్తూ, మెకానిక్‌ని "ఇంకెంతసేపు?" అని పదోసారి అడుగుతున్నప్పుడు ఫోనొచ్చింది. మా పెద్దమ్మ పోయింది. టీ తాగి గుమ్మంలో కుర్చీలో కూర్చుని, అలాగే ఒరిగిపోయిందట. స్కూటర్‌ని అక్కడే వదిలేసి ఆటో ఎక్కాను. శుక్రవారం సమాధి చేశాం. ఆ రెండు రోజులూ నేను ఒక్కచోట కూర్చున్నది లేదు.

కూర్చోలేకపోవడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. పెద్దమ్మ మాత్రం ఒప్పుకునేది కాదు. "జబ్బూ లేదు, ఏటీ లేదు. నీ కాళ్లు నీ మాట ఇనవు, అంతే" అనేది.

పోర్టు క్యాంటీన్‌లో వంట చేసి రిటైరైన మనిషి. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆరాధన అవగానే, తెల్లచీర కూడా మార్చుకోకుండా, గుడ్డసంచీలో దువ్వెన, కొబ్బరినూనె సీసా, రిబ్బన్లు వేసుకుని ఆస్పత్రిలో ఆడవాళ్ల వార్డుకి వెళ్లేది. నెలల తరబడి పడుకున్నవాళ్లకు తల వెనక జుట్టు అట్టకట్టిపోతుంది. ఎవరూ రాని రోగులకు పెద్దమ్మ తలదువ్వేది. అంతే. బైబిలు తీయదు, బోధ చేయదు. ఏ చేప పులుసుకి బాగుంటుందో వాళ్లతో వాదించి పకపకా నవ్వేది. "ప్రార్థన చేయవా?" అని అడిగితే, "సేతులు సేత్తన్నాయి కదే" అనేది.

నన్నూ లాక్కెళ్లేది. నేను మంచం పక్కన నిలబడి ఫోన్ చూసుకునేదాన్ని. మీ దగ్గర దాచడమెందుకు, నాకు ఒళ్లుమండే సంగతి ఒకటుండేది. దువ్వడం అయ్యాక పెద్దమ్మే వాళ్లకి థాంక్స్ చెప్పేది. "చెప్పాల్సింది వాళ్లు కదా?" అన్నాను ఒకసారి ఆటోలో.

"తల తెచ్చి మన సేతిలో ఎట్టినారు. పరాయోళ్లకి ఎవులెడతారే? నాకైతే ఆదివారం ఎప్పుడొత్తాదా అనుంటాది" అంది. ఆమె ముఖం వెలిగిపోతోంది. నాకేమో ఆకలి, ఎండ, ఆలస్యం.

ఆమె పోవడానికి ముందు ఆదివారం, సముద్రం ఒడ్డున యారాడ ఊరి నుంచి వచ్చిన ఒకావిడ వంతు. జారిపడి నడుం దెబ్బతిని రెండు నెలలుగా మంచం మీదే ఉంది. ఇంట్లో మరో ఆడమనిషి లేదు. మగవాళ్లు చేపల వేటకి పోతేగానీ గడవదు. జుట్టంతా ఒకటే ముద్ద. ఆయా కత్తెర తెచ్చింది. ఆవిడ రెండు చేతులతో తల పట్టుకుని ఏడ్చింది.

"కత్తిరించేస్తే పోలా?" అన్నాను. అవును, నేనే అన్నాను.

పెద్దమ్మ నావైపు చూడలేదు. "కత్తిర ఎట్టొద్దు. నాను తీత్తాను" అని ఆయాతో చెప్పి కూర్చుంది. రెండు గంటలకి సగం విడింది. మిగతాది వచ్చే ఆదివారం అంది. ఆయా అంతవరకే ఆగుతానంది.

ఆ ఆదివారం వచ్చింది. ఆరాధన మధ్యలోనే లేచి గుడ్డసంచీ పట్టుకుని పరిగెత్తాను. ఆయా కంటే ముందు చేరాను.

"మీ పెద్దమ్మ రాలేదేటమ్మా?" అంది యారాడ ఆవిడ. చెప్పలేక దువ్వెన తీసి పైనుంచి లాగాను. ఆవిడ కెవ్వుమంది.

"అలాక్కాదమ్మా. మీ పెద్దమ్మ కుదురు కాడ గట్టిగా అట్టుకుని కిందనించి తీసీది. అప్పుడు నొప్పెట్టదు."

అన్ని ఆదివారాలు పక్కనే ఉండి నేను చూడని సంగతి అది. సిగ్గేసింది. కుదురు పట్టుకుని కొసల నుంచి మొదలుపెట్టాను. ఆవిడ అటు ఒత్తిగిలి పడుకుంది కాబట్టి చెప్పగలిగాను. "పెద్దమ్మ పోయింది."

ఆవిడ భుజాలు కదిలాయి.  తర్వాత చెయ్యి వెనక్కి చాపి మంచం కింది స్టూల్ చూపించింది. "కూకో తల్లీ. నిలబడి తీత్తే నడుం పట్టేత్తాది."

కూర్చున్నాను. ఆయా కత్తెరతో వచ్చింది, కాసేపు చూసి వెళ్లిపోయింది. చిక్కులన్నీ విడిపోయాక నూనె రాసి జడ అల్లాను. ఏ పాయ పెద్దమ్మ విడదీసిందో, ఏది నేను తీశానో నాకే తెలియలేదు. ఏడుపొస్తోంది. సంతోషంగానూ ఉంది. "థాంక్స్" అన్నాను.

ఆవిడ జడని ముందుకి లాక్కుని కొసదాకా తడుముకుంది. ఆరోజు తల పట్టుకుని ఏడ్చిన చేతులే ఇప్పుడు రిబ్బను ముడి సర్దుకుంటున్నాయి. నేనింకా ఆ స్టూల్ మీదే కూర్చుని ఉన్నాను.