సారు దగ్గు

సారు పోయాక కూడా మా గుర్రాల పాకలో ఆయన దగ్గు ఆగలేదు. దయ్యం కథ మొదలుపెట్టానని అనుకోకండి. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు, ఆ కథలు చెప్పేవాళ్ల మీద ఓపికా లేదు. ఆ దగ్గు మా గొంతుల్లోంచే వచ్చేది. కొంత నాది, కొంత నా తర్వాత నేర్చుకున్న పిల్లలది.

జూలూరుపాడు దాటి అడవి మొదలయ్యేచోట, భార్య పుట్టింటివాళ్లు ఇచ్చిన మెట్ట చెలకలో పాక వేసుకుని సారు గుర్రపు స్వారీ నేర్పేవారు. అంతకుముందు పట్నంలో పోలీసు గుర్రాల దగ్గర పనిచేశారు. రిటైరయ్యే ముందు గొంతుకు ఆపరేషన్ అయింది. ఇక గట్టిగా మాట్లాడొద్దని దవాఖానాలో చెప్పి పంపారు. స్వారీ నేర్పేవాడికి గొంతు పోతే ఇంకేముంది, ఇంట్లో కూర్చోవాలి. ఈయన కూర్చోలేదు. దగ్గుతో నేర్పడం మొదలుపెట్టారు. ఒక్కసారి దగ్గితే గుర్రం నడవాలి. రెండుసార్లు దగ్గితే చిన్న పరుగు. గొంతు సవరించుకుంటున్నట్టు పొడుగ్గా లాగితే ఆగిపోవాలి. పెళ్లి బ్యాండువాళ్లు ఇక పనికిరాదని వదిలేసిన ఆడగుర్రాన్నీ, దాని పిల్లనూ తెచ్చుకుని, రోజంతా వాటి పక్కన దగ్గుకుంటూ తిరిగేవారు. ఆయనకు టీబీ అనుకుని ఊళ్లో హోటలువాడు గ్లాసు వేరే పెట్టాడు. సారు ఆ గ్లాసులోనే చాయ్ తాగి నవ్వుకునేవారు.

మాది ఆ పక్క తండా. నేను ఇంటర్ తప్పి, ఇంట్లో ప్రతి ఒక్కరి మీదా అరుస్తున్న రోజులవి. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది, ఇప్పటికీ అంతే. సారు గుర్రప్పిల్ల తాడు తెంపుకుని మా జొన్నచేలో పడిందని తెలిసి, మా నాన్న వద్దంటున్నా వినకుండా కొట్లాటకు పోయాను. నోటికొచ్చినట్టు తిట్టాను. సారు అంతా విన్నారు. నా తిట్లకు ఆ ముసలి గుర్రం చెవులు వెనక్కి వాల్చి కట్టుగొయ్య చుట్టూ తిరుగుతుంటే దాని మెడ మీద చెయ్యి వేసి, గాలి మాత్రమే మిగిలిన ఆ గొంతుతో అన్నారు.

"అరవకు బిడ్డా. నువ్వు అరిస్తే అది నీ కోపమే ఇంటది, నీ మాట ఇనదు."

మర్నాడు మళ్లీ పోయాను. ఎందుకు పోయానో ఇంట్లో చెప్పలేదు. తెలిసినరోజు తండాలో ఆడవాళ్లు ఊరుకుంటారా? ఆడపిల్లవు పెళ్లికొడుకులా గుర్రమైతే ఎక్కావు, బ్యాండు ఏది, తలకు పాగా ఏది అని ఏడాది పాటు ఆడుకున్నారు.

సారు నేర్పే తీరులో మాట చాలా తక్కువ. మడమ పైకి లేస్తే వచ్చి చేత్తో కిందికి నొక్కేవారు. వీపు వంగితే వేలితో పొడిచేవారు. మిగతాదంతా దగ్గే. కొన్నాళ్లకు నాకూ అది పట్టుకుంది. ఆయన ఎంత మెల్లగా దగ్గుతారో, చివర్లో గొంతు ఎలా గరగరమంటుందో, అచ్చం అలాగే వచ్చేది. నాకే కాదు, అందరికీ. పాల్వంచ కాలనీల నుంచి ఆదివారాలు వచ్చే షిఫ్టు ఉద్యోగుల పిల్లలకూ, అడవి పల్లెల నుంచి నడిచొచ్చే పిల్లలకూ అదే దగ్గు. మాలో ఒకమ్మాయి పోలీసు గుర్రాల దగ్గరే ఉద్యోగం తెచ్చుకుంది. పరేడ్‌లో ఎందుకు దగ్గుతావని ఆఫీసరు రోజూ తిడతాడని ఫోన్ చేసి నవ్వింది. నేను కరోనా రోజుల్లో, బస్సు కదలడం లేదని అలవాటుకొద్దీ ఒక్క దగ్గు దగ్గాను. బస్సు కదల్లేదు కానీ నా చుట్టూ సీట్లన్నీ ఖాళీ అయ్యాయి.

పోయిన చలికాలం సారు పోయారు. గుండెపోటు. కొత్తగూడెం తీసుకుపోయేలోపే అయిపోయింది.

దినాలు అయ్యాక వచ్చిన ఆదివారం నేను పాకకు వెళ్లాను. పాల్వంచలో ఆఫీసు పని నాది, సెలవు ఆ ఒక్కరోజే. గుర్రాలు కదలక కాళ్లు బిగుసుకుపోతాయని నా దిగులు. పొద్దున్నే మంచు. టేకు చెట్లు సగం వరకే కనిపిస్తున్నాయి. ముసలి గుర్రానికి జీను వేసి, ఎక్కి, దగ్గాను. గుర్రం నడిచింది. అదే సమయంలో ఇంట్లోంచి పెద్దమ్మ, అంటే సారు భార్య, చాయ్ గ్లాసు పట్టుకుని గబగబా బయటికి వచ్చింది. రోజూ ఆ దగ్గు వినగానే తెచ్చేది కదా, చేతులు వాటి పని అవి చేసేశాయి. గుర్రం మీద నన్ను చూసి ఆగిపోయింది. చాయ్ నాకే ఇచ్చింది. ఆ చాయ్ నేను ఎలా తాగానో నాకే తెలుసు.

తర్వాత పిల్లలు రావడం మొదలైంది. ఒకరి తర్వాత ఒకరు, పాక చుట్టూ దగ్గు. ఒక ఉదయం నేనొక్కదాన్నే ఉన్నాను. కళ్లెం సరిచేస్తున్నాను, ఇంకా ఎక్కలేదు. ముసలి గుర్రం ఒక్కసారిగా తల ఎత్తి నాలుగడుగులు నడిచింది. నేను దగ్గలేదు. దగ్గలేదనే అనుకుంటాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, చెబితే నా నోటి దురుసును ఇంతకాలం భరించినవాళ్లంతా వడ్డీతో సహా తీర్చుకుంటారు. నిజం చెప్పాలంటే ఆ తర్వాత పిల్లలు వచ్చేదాకా పాకలో ఒంటరిగా జీను వెయ్యలేదు.

పెద్దమ్మ చిక్కిపోయింది. తినడం లేదు, పడుకోవడం లేదు. భద్రాచలం వైపు ఉండే వాళ్ల అన్న వచ్చి, తనతో రమ్మని, గుర్రాలను ఖమ్మంలో బ్యాండువాళ్లకు ఇచ్చేద్దామని పట్టుబట్టాడు. డప్పుల మధ్య కళ్లెం లాగించుకునే బతుకు నుంచి సారు తప్పించి తెచ్చిన గుర్రం, మళ్లీ అక్కడికే. నాకు ఒళ్లు మండింది. ఆయనతో గట్టిగా మాట్లాడబోతే పెద్దమ్మ నన్ను పక్కకు తీసుకుపోయింది.

"దినాలు చేసినం, ఆయనను సాగనంపినం. మీరేమో పొద్దు లేస్తే పిలువవడితిరి. ఎట్ల పోతడు బిడ్డా? పోలేక గీ పాక చుట్టే తిరుగుతుండు. ఆ దగ్గన్నా ఆపుండ్రి, లేకుంటే నేనన్నా పోత."

ఆపుతానన్నాను. ఆమె పోతే చెలకా లేదు, పాకా లేదు, గుర్రాలూ లేవు.

దగ్గు బదులు నాలుకతో టక్కుమనిపించడం నేర్పడం మొదలుపెట్టాను. ముసలితనంలో గుర్రానికి కొత్త చదువేమిటి, గుడ్డి గుర్రానికి పళ్లు తోముతున్నావా అని మా ఆఫీసులో వెక్కిరించారు. నిజంగా అలాగే ఉండేది. నేను టక్కుమనిపిస్తే అది మెడ తిప్పి ఇంటి గుమ్మం వైపు చూసేది. అసలు ఆజ్ఞ ఇచ్చేవాడు అటు నుంచి రావాలన్నట్టు చూసేది. పిల్లలు మరిచిపోయి దగ్గేవాళ్లు, నేను కసిరేదాన్ని. కసిరి కసిరి, ఎక్కబోతూ నేనే దగ్గేదాన్ని. చివరికి అందరం నోట్లో లవంగం పెట్టుకుని స్వారీ చేశాం. ఒకప్పటి గుర్రప్పిల్ల ముందు నేర్చుకుంది. ఇప్పపూలు రాలే రోజులకు ముసలిది కూడా గుమ్మం వైపు చూడటం మానేసింది.

పాకలో దగ్గు పోయింది. పెద్దమ్మ నిద్రపోయింది. అన్నం తింటోందని పక్క చేనువాళ్లు చెప్పారు. తాను ఇక్కడే ఉంటానని వాళ్ల అన్నకు కబురు పంపింది. గెలిచానని నాకు ఎంత పొగరు వచ్చిందో! ఆఫీసులో నన్ను వెక్కిరించినవాళ్లకు మిఠాయి కూడా పంచాను.

తర్వాతి ఆదివారం పిల్లలు ఇంకా రాలేదు. ముసలి గుర్రాన్ని తోముతున్నాను. పెద్దమ్మ వచ్చి కంచె పట్టుకుని నిలబడింది.

"సారు ఎటు పోయిండే?" అంది.

నాకు అర్థం కాలేదు. నువ్వే కదా ఆపమన్నావు పెద్దమ్మా అన్నాను.

"అవ్, నేనే అన్న. గిట్ల ఒక్క సప్పుడు లేకుంట అయితదని నాకేమెరుక? పొద్దుగాల లేస్తే ఇల్లు తినేటట్టున్నది." కంచె మీదికి వంగింది. "ఒక్కపారి దగ్గు బిడ్డా. ఇని పోత."

దగ్గాను. గొంతు దగ్గింది, అంతే. చివర్లో ఆ గరగర రాలేదు. మళ్లీ దగ్గాను. సారు ఎలా దగ్గేవారో గుర్తుంది, కానీ నా గొంతుకు అందడం లేదు. నెలల పాటు లవంగంతో నొక్కిపెట్టిన దగ్గు, ఇప్పుడు రమ్మంటే ఎక్కడి నుంచి వస్తుంది? గుర్రం చెవి కూడా కదపలేదు.

పెద్దమ్మ నా వైపు జాలిగా చూసింది.

"గిది నీ దగ్గు బిడ్డా, సారుది కాదు," అని లోపలికి వెళ్లిపోయింది.

నేను గుర్రం మెడ మీద తల పెట్టి ఏడ్చాను. ఆయన పోయినరోజు కూడా అంత ఏడవలేదు.

పెద్దమ్మ చెలకలోనే ఉంది. గుర్రాలూ ఉన్నాయి. ఆదివారాలు పిల్లలు వస్తారు, టక్కుమనిపిస్తారు, గుర్రాలు నడుస్తాయి. సారును చూడని పిల్లలే ఇప్పుడు ఎక్కువ. వాళ్ల కంటే ముందే చేరుకోవాలని నేను మొదటి బస్సుకే దిగుతాను. కొన్నిసార్లు నాకంటే ముందే పెద్దమ్మ పాకలో ఉంటుంది. ముసలి గుర్రం పక్కన నిలబడి, ఆ సన్నటి గొంతుతో ఒక్కసారి దగ్గి, చూస్తుంది. మళ్లీ దగ్గుతుంది. గుర్రం దాణా తింటూనే ఉంటుంది. నేను కంచె బయటే ఆగిపోతాను.