లింగాల కాడ బెయేర్షెబా

నతానియేలుకు ఒక జబ్బుండేది. ఏ పేరు చెవినబడినా దాని అర్థమేందో తేలిందాకా ఆయనకు కూడు సయించేది కాదు. చాపాడును చాపాడని ఎందుకన్నారు, లింగాలలో లింగం యాడుంది అని బస్సు కండక్టర్లను సైతం పట్టుకుని పీడించేవాడు. "నీకు పనీపాటా లేదా అప్పా?" అని జనం నవ్వేవాళ్లు. లేకేం, శానా పని! లింగాల పక్కన కిరస్తానీల పాళెం ఆయనది. పులివెందుల తాలూకా రాతి నేలలో బావి తవ్వాలంటే ముందు ఆయన్నీ, ఆయన జోడీ వలి బాషానూ పిలవాల్సిందే. పద్దెనిమిదేండ్లు ఇద్దరూ ఒకే గుంతలో దిగినారు. ఒకరు ఉలి పట్టుకుంటే ఒకరు సమ్మెట వేసేవాళ్లు. దెబ్బ తప్పితే చెయ్యి పోయే పని అది.

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు వానల్లేవు. పాళేనికీ, పక్కనున్న సాయిబుల వీధికీ కలిపి ఇద్దరూ ఒక బావి తవ్వినారు. ఏడు మట్లు, అంటే ఏడు నిలువుల లోతున నీళ్లు ఎగదన్నినాయి. తియ్యటి నీళ్లు! ఆదివారం ఆరాధన అయినాక దేవరాజు అయ్యగారు లేచి, "దీనికి బెయేర్షెబా అని పేరు పెడదాం. అబ్రాహాము తవ్విన బావి పేరు అది" అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. నతానియేలు అందరికంటే గట్టిగా అన్నాడు. సోమవారానికల్లా గిలక రాతి మీద సున్నంతో పేరు రాసేసినారు.

మంగళవారం నుంచి వలి బాషా భార్య గులాబ్‌బీ బావి కాడికి రావడం మానేసింది. కడవ చంకనేసుకుని మైలు దూరంలోని వంక చెలమకు పోతాంది. వలి బాషాను పనికి పిలిస్తే "నడుం నొప్పి" అన్నాడు. నడుం నొప్పంట! పద్దెనిమిదేండ్లలో రాని నొప్పి ఇప్పుడొచ్చిందా? వలి మామ దూరమైతే నతానియేలు ఇంకెవరి చేతికి ఉలి ఇచ్చేది? ఆ కిరస్తానీ పేరే మామ మనసుకు గుచ్చుకుంది, దాని అర్థం విప్పి చెప్తే మామ మళ్లీ వస్తాడు అనుకున్నాడు.

ముందు అయ్యగారిని అడిగినాడు. ఆయన లావాటి పుస్తకం ఒకటి తిరగేసినాడు.

"హెబ్రీలో బెయేర్ అంటే బావి. షెబా అంటే ఏడనీ చెప్తారు, ప్రమాణమనీ చెప్తారు. అబ్రాహాము తవ్విన బావిని ఆ దేశపు రాజు మనుషులు గుంజుకున్నారు. అప్పుడు అబ్రాహాము రాజుకు ఏడు గొర్రెపిల్లలిచ్చినాడు, ఇద్దరూ ప్రమాణం చేసుకున్నారు."

"ఏదో ఒకటి చెప్పండి అయ్యగారూ. ఏడా, ప్రమాణమా?"

"రాసినోళ్లే తేల్చకుంటే నేనేం చేసేది నతానియేలూ!"

ఏడు మట్ల బావికి ఏడు! ఆయన ఒళ్లు పులకరించింది. అయినా తృప్తి కలగలేదు, కలిగితే ఆయన నతానియేలు ఎట్లవుతాడు? బస్సెక్కి ప్రొద్దుటూరు పోయినాడు. ఆడ సిరాజుద్దీన్ అని, గిన్నెలకు కళాయి పూసే ముసలాయన, అరబ్బీ బాగా చదువుకున్నాడు. పేరు చెప్పంగానే చేతిలో గిన్నె కింద పెట్టినాడు.

"బీర్ అంటే అరబ్బీలోనూ బావేనప్పా! రెండోది ఏంది, ఇంకోసారి చెప్పు."

"సెబా."

"సబా అంటే ఏడు."

"అయితే ఏడే!" అని ఎగిరినాడు నతానియేలు. అంతలోనే అనుమానమొచ్చింది. "కాదులే, మా నోటికి తిరగదు గానీ, మా అయ్యగారు షెబా అంటాడు."

"ఓర్నీ! షా అయితే వేరే మాట తగుల్తాది. షబా అంటే కడుపు నిండడం. నీ నాలికను బట్టి బావి మారిపోతాందే!"

ఇద్దరూ పడీపడీ నవ్వినారు. తిరుగు బస్సులో నతానియేలు సెబా, షెబా అని గొణుక్కుంటాంటే, పక్కన కూర్చున్న ముసలామె దిష్టి తీయించుకోమని చెప్పింది.

బస్సు దిగి తిన్నగా వలి బాషా ఇంటికే పోయినాడు. గులాబ్‌బీ అప్పుడే చెలమ నుంచి వచ్చి కడవ దించుతాంది. నతానియేలు కూర్చోకుండానే మొదలుపెట్టినాడు.

"మామా, అది మా పేరే కాదు, మీది గూడా! బీర్ అంటే మీ అరబ్బీలోనూ బావే. తర్వాతది ఏడంటే ఏడు, లేదంటే కడుపు నిండడం, అదీ కాదంటే ప్రమాణం. మూడిట్లో నీకేది కావాలో తీసుకో."

"శానా దూరం పోయొచ్చినావే నతానీ" అన్నాడు వలి బాషా.

"నీకోసమే మామా."

"అయ్యగారిని అడిగినావు. ప్రొద్దుటూరు పోయి సిరాజుద్దీన్‌ను అడిగినావు. నీతోపాటు ఏడు మట్లు దిగినోన్ని నేను. పేరు పెట్టేటప్పుడు నన్నొక మాట అడగాలని నీకు తోచలేదా?"

నతానియేలుకు ఆ ఆదివారం గట్టిగా ఆమేన్ అన్నది గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయినాడు. అరుగు మీద కూలబడినాడు.

"తప్పయిపాయ మామా. ఇప్పుడు అడుగుతాండా. మన బావికి ఏం పేరు పెడదాం?"

గులాబ్‌బీ కడవ మీద చెయ్యి పెట్టుకుని మొగుని దిక్కే చూస్తాంది.

"అదే ఉండనీలే" అన్నాడు వలి బాషా. "అడిగినావు గదా."