ముంచిన పడవలు

పార్కు చెరువు దగ్గర పనిచేసే వాళ్ళంతా ఆయన్ని పడవలాయన అంటారు. అసలు పేరు ఆయన భార్యకూ, జీతాలిచ్చే గుమాస్తాకూ తప్ప ఎవరికీ గుర్తు లేదు. ఒడ్డున ఒక రేకుల షెడ్డు, అందులో పదకొండు చెక్క పడవలు, ఇరవై రెండు తెడ్లు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా వాటి బాగోగులే ఆయన ఉద్యోగం. ఆయనకు ఈత రాదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, "పడవ సరిగ్గా ఉంటే ఈత దేనికి?" అంటాడు. చెరువు లోతు ఎక్కడా నడుము దాటదన్న సంగతి మాత్రం చెప్పడు.

చలి పూర్తిగా వదిలి, ఎండ ఇంకా చురుక్కుమనని ఆ నాలుగైదు వారాలు నగరంలో ఎవరికీ ఇంట్లో కాలు నిలవదు. ఆఫీసుల వాళ్ళు మధ్యాహ్నం బూట్లు విప్పి పచ్చికలో కూర్చుంటారు. పాత పుస్తకాలమ్మే వాళ్ళు చెట్ల కిందికి బల్లలు తెచ్చుకుంటారు. సాయంత్రాలు గులాబీ తోట పక్కన బ్యాండు వాళ్ళు వాయిస్తుంటే, ముసలి దంపతులు అడుగు తప్పుతూ నాట్యం చేస్తారు. వీళ్ళందరూ ఏదో ఒక ఆదివారం పడవ ఎక్కడానికి వస్తారు. కొత్తగా పెళ్ళయిన వాళ్ళు తెడ్డు నువ్వు వెయ్యంటే నువ్వు వెయ్యి అనుకుంటూ ఒకే చోట గిరగిరా తిరుగుతారు. పడవ ఎటు తిరుగుతుందో చూస్తే ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో చెప్పేయవచ్చని పడవలాయన నమ్మకం.

టికెట్లు ఇచ్చేది ఆయన భార్య. షెడ్డు పక్కనున్న చిన్న గదిలో, కిటికీ వెనకాల కూర్చుంటుంది. ఆయన మాట్లాడవలసిన మాటలు కూడా చాలావరకు ఆవిడే మాట్లాడుతుంది.

ఆ పడవలకు ఒక పద్ధతి ఉంది. చలికాలం ఆరు నెలలూ షెడ్డులో బోర్లించి ఉంచితే చెక్క ఎండి కుంచించుకుపోతుంది. పలకకీ పలకకీ మధ్య కాగితం దూరేంత సందు పడుతుంది. అలాగే నీళ్ళలోకి దింపితే జల్లెడే. అందుకని రేవు తెరిచే ముందు ఎనిమిది రోజులు వాటిని ఒడ్డు దగ్గరే ముంచి పెట్టాలి. ఒక్కొక్క పడవలో రాళ్ళు వేసి, అంచు దాకా నీళ్ళు నింపి, అడుగుకు దించేయాలి. చెక్క తాగినంత నీళ్ళు తాగి ఉబ్బుతుంది. సందులు వాటంతటవే మూసుకుపోతాయి. తొమ్మిదో రోజు పైకి తీసి, నీళ్ళు తోడేసి, లోపల తుడిస్తే మళ్ళీ షెడ్డెక్కే దాకా చుక్క కారదు. పడవ తాగిందో లేదో ఆయన వేలి మెటికలతో కొట్టి తెలుసుకుంటాడు. ఎండినది టక్కుమంటుంది. తాగినది దబ్బుమంటుంది.

ఆ ఏడాది పార్కుకి కొత్త అధికారి వచ్చింది. చురుకైన మనిషి. వచ్చిన నెలకే నగరంలో వసంతం చివర చూడవలసినవి, చేయవలసినవి అంటూ రంగుల కరపత్రం అచ్చు వేయించింది. అందులో మొత్తం ఇరవై రెండున్నాయి. మొదటిది చెరువులో పడవ షికారు. పదకొండు పడవలు, ఆదివారం ఉదయం పది గంటల నుంచి.

కరపత్రం చూపించడానికి ఆవిడ స్వయంగా షెడ్డుకు వచ్చింది. చంకలో ఫిర్యాదుల పుస్తకం కూడా ఉంది.

"పోయినేడాది తొమ్మిది ఫిర్యాదులు వచ్చాయి," అని పేజీ తిప్పి చదివింది. "బూట్లు తడిశాయి. మేజోళ్ళు తడిశాయి. ఇదిగో, మా అత్తగారు తడిశారు."

"ఆ అత్తగారు నాకు గుర్తే," అంది పడవలాయన భార్య కిటికీలోంచి.

"ఈసారి ఒక్క పాదం తడిసినా నేను ప్లాస్టిక్ పడవలు తెప్పిస్తాను. బాతుల్లా ఉంటాయి, తొక్కుకుంటూ పోవచ్చు. అవి అమ్మేవాళ్ళతో మాట్లాడి పెట్టుకున్నాను."

"మరి ఇవి?" అన్నాడు పడవలాయన.

"మట్టి పోసి పూలమొక్కలు పెడదాం. గేటు దగ్గర చూడడానికి బాగుంటాయి."

పడవలాయన పదకొండు పడవల వంకా చూశాడు. "తడవవు," అన్నాడు. ఆ శనివారమే పదకొండింటినీ ముంచాడు. మరుసటి ఆదివారానికి సరిగ్గా ఎనిమిది రోజులు.

అంతా సవ్యంగా జరిగేదే, బామ్మర్ది లేకపోతే.

బామ్మర్ది తోటమాలి. నగరానికి అవతలి వైపున్న పార్కు నుంచి ఆ వసంతంలోనే ఇక్కడికి బదిలీ అయి, గులాబీ తోటలో చేరాడు. మంచివాడు. అదే చిక్కు. అడక్కుండానే సాయానికి వస్తాడు. వద్దన్నా వస్తాడు. చెట్టంత మనిషి, చెరువు అవతలి నుంచి కూడా వినిపించే గొంతు.

మంగళవారం పడవలాయన మోకాలు చూపించుకోవడానికి భార్యతో ఆసుపత్రికి వెళ్ళాడు. సాయంత్రం నాలుగింటికి తిరిగొచ్చేసరికి చెరువు ఒడ్డున పడవలు పచ్చికలో బోర్లా పడుకుని, వరసగా వీపులు ఎండబెట్టుకుంటున్నాయి. వాటి పక్కన ఆరుగురు తోటమాలులు వెల్లకిలా పడి ఒగురుస్తున్నారు. మోకాళ్ళ దాకా ప్యాంటు మడిచిన బామ్మర్ది ఎదురొచ్చి ఆయన రెండు భుజాలూ పట్టుకున్నాడు.

"బావా, ముందు కూర్చో. నీళ్ళు తాగు. కంగారు పడకు."

"ఏమైంది?"

"ఏమీ కాలేదు, సమయానికి నేను చూశాను కాబట్టి. పొద్దున్నే ఇటొచ్చి చూద్దును కదా, పదకొండూ మునిగిపోయి ఉన్నాయి! ఎవడో కక్ష కట్టినట్టున్నాడు బావా, ఒక్కో దాంట్లో రాళ్ళు కూడా వేశాడు. మా వాళ్ళందర్నీ పిలిచి, నీళ్ళలో దిగి, నడుములు పడిపోయేలా లాగాం. పొద్దుట్నుంచీ ఎండలో పెట్టాను. ఇప్పుడే రెండోసారి తిరగేశాం కూడా. ఇప్పుడు చూడు, అప్పడంలా ఎండాయి!"

పడవలాయన ఒక్కో పడవ దగ్గరికీ వెళ్ళి మెటికలతో కొట్టాడు. టక్. టక్. టక్. పదకొండో దాని దగ్గర కాసేపు నిలబడ్డాడు.

భార్య తమ్ముడి వైపు తిరిగింది. "ఒరే, ఆ రాళ్ళు వేసింది మీ బావేరా."

"బావే? బావకి బావ మీద కక్ష ఏమిటక్కా?"

ఆవిడ పద్ధతంతా విడమరిచి చెప్పింది. వింటున్న కొద్దీ బామ్మర్ది చెవులు ఎర్రబడ్డాయి. పడుకున్న తోటమాలులు ఒక్కొక్కరే లేచి కూర్చున్నారు.

"నాకు తమ్ముడివి నువ్వొక్కడివే. ఇంకొకడుంటే ఈ పాటికి పార్కు ఉండేది కాదు," అంది చివరికి.

పడవలాయన ప్యాంటు మడుచుకున్నాడు. "ఎత్తండి," అన్నాడు.

చీకటి పడే లోపల పదకొండూ మళ్ళీ మునిగాయి. ఇక మిగిలింది నాలుగు రోజులు, కొన్ని గంటలు. పోయినేడాదీ నాలుగు రోజులే నానాయి. అప్పటి అధికారి రేవు తెరవడాన్ని ముందుకు జరిపాడు. తొమ్మిది ఫిర్యాదులూ అందుకే వచ్చాయి. ఈసారి నడుమ ఒక రోజు ఎండ కూడా పడింది.

మరునాడు పొద్దున బామ్మర్ది తారు డబ్బా, జనపనార చుట్ట పట్టుకుని వచ్చాడు. "సందుల్లో ఇది కూరేద్దాం బావా. చుక్క దూరదు."

"చెక్క ఉబ్బితే ఎటు పోతుంది?"

"ఎటు పోవడమేమిటి?"

"సందు ఖాళీగా ఉంటే సందులోకి పోతుంది. నువ్వు కూరేస్తే పలక పగుల్తుంది. ఆదివారానికి బాగుంటుంది. నెల తిరక్కుండా పొయ్యిలోకి పనికొస్తుంది."

బామ్మర్ది డబ్బా మూత పెట్టేశాడు. కాసేపు నీళ్ళలోకి చూస్తూ కూర్చున్నాడు. చెయ్యి ముంచి తీశాడు. "ఈ నీళ్ళు బాగా చల్లగా ఉన్నాయి బావా. మా గింజలు చల్లటి నీళ్ళలో వేస్తే వారానికి గానీ ఉబ్బవు. గోరువెచ్చటి నీళ్ళలో అయితే రెండు రోజులు. చెక్కకీ అంతేనా?"

పడవలాయన మొదటిసారి అతని ముఖంలోకి చూశాడు. "అంతే. కానీ చెరువుని ఎవడు కాస్తాడు?"

"చెరువుని కాయక్కర్లేదు. మొక్కలు పెంచే గాజు గదిలో కలువల తొట్టి ఉంది. నీళ్ళు ఎప్పుడూ గోరువెచ్చగానే ఉంచుతాం. కలువలు పెట్టేది వచ్చే వారం."

తొట్టిలో మూడు పడవలు పట్టాయి. గురువారం సాయంత్రం ఆ మూడూ తీసి ఇంకో మూడు, శనివారం పొద్దున ఇంకో మూడు. ప్రతిసారీ పడవని బోర్లించి నెత్తిన పెట్టుకుని ఆరుగురు తోటమాలులు పార్కు నడుమ నుంచి నడిచారు. పడవ కింద పన్నెండు కాళ్ళే కనిపించేవి. పచ్చికలో తింటున్న ఆఫీసు వాళ్ళు చప్పట్లు కొట్టారు. బ్యాండులో బాకా ఊదేవాడు వాళ్ళ నడకకు తగ్గట్టు ఊదాడు. ముందు నడుస్తున్న బామ్మర్ది దారిలో ప్రతివాడికీ, "షికారుకే, షికారుకే," అని చెప్పుకుంటూ పోయాడు.

ఆదివారం తెల్లవారుతూనే పడవలాయన అన్నింటినీ తోడి, తుడిచి, రేవు దగ్గర వరసగా కట్టాడు. గంట ఆగి ఒక్కో దానిలోనూ అడుగున పొడి గుడ్డతో ఒత్తి చూశాడు. తొట్టిలోకి వెళ్ళిన తొమ్మిదీ పొడిగా ఉన్నాయి. వంతు రాని రెండింట్లో గుడ్డ తడిసింది.

"కొంచెమేగా బావా," అన్నాడు బామ్మర్ది. "బూటు అడుగు దాటదు. అరగంటలో ఎవరు కనిపెడతారు?"

పడవలాయన ఆ రెండింటి తెడ్లూ తీసి షెడ్డులో పెట్టాడు.

పదింటికి అధికారి వచ్చింది. తెల్ల గుడ్డ బూట్లు వేసుకుంది. వెంట వాళ్ళమ్మ కూడా ఉంది. అప్పటికే వరస గులాబీ తోట దాకా పెరిగింది. ఆవిడ పడవలు లెక్కపెట్టుకుంది.

"పదకొండని అచ్చు వేశాం. ఆ రెండింటికీ తెడ్లు లేవేం?"

"అవి ఇవాళ వద్దు మేడమ్. ఇంకా నాలుగు రోజులు నానాలి."

"ఇస్తే ఏమవుతుంది?"

"పాదాలు తడుస్తాయి."

ఆవిడ చేతిలోని కరపత్రం మడిచింది. "ముందే ఎందుకు నానబెట్టలేదు?"

"పెట్టాను. మధ్యలో పైకి తీశారు."

"ఎవరు?"

పడవలాయన తాడు ముడి సరిచేయడంలో పడ్డాడు. గులాబీల వెనక నుంచి కత్తెర పట్టుకున్న చెయ్యి ఒకటి లేచింది.

"నేనే మేడమ్. మునిగిపోయాయనుకున్నాను. చూసినవాడు ఎవడైనా అలాగే అనుకుంటాడు మేడమ్!"

అధికారి గొంతు తగ్గించి అంది. "సోమవారం నేనూ చూశాను. మునిగిపోయాయనే అనుకున్నాను. ఆ ప్లాస్టిక్ పడవల వాళ్ళకి ఫోన్ కూడా చేశాను. ఆదివారం సాయంత్రం ఖాయం చేస్తానన్నాను." ఆపై పడవలాయన వైపు తిరిగింది. "పోయినేడు ఎన్ని రోజులు నానబెట్టారు?"

"నాలుగు."

"ఎందుకు?"

"నాలుగు రోజులు ముందే తెరవమన్నారు."

"అలా కుదరదని చెప్పలేదా?"

"ఆయన అడగలేదు."

"అడిగితే గానీ చెప్పే మనిషి కాదు మేడమ్," అంది భార్య కిటికీలోంచి. "ముప్ఫై ఏళ్ళ కాపురం. నాకు తెలిసినవన్నీ అడిగి తెలుసుకున్నవే. మీకు రెండు టికెట్లా?"

అధికారి, వాళ్ళమ్మ నాలుగో నంబరు పడవ ఎక్కారు. తెడ్లు వేసింది వాళ్ళమ్మే. పడవ నేరుగా నడి చెరువుకు వెళ్ళి, ఒక చుట్టు చుట్టి, అరగంటకు నేరుగా తిరిగొచ్చింది. ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో పడవలాయనకు తెలిసిపోయింది. అధికారి రేవు మీదికి దిగి, ఒక కాలు ఎత్తి బూటు అడుగు చూసుకుంది. తర్వాత రెండోది. వెళ్ళిపోయింది.

ఆ రోజు చీకటి పడే దాకా వరస తగ్గలేదు. దిగే ప్రతివాడి బూట్లనూ పడవలాయన ఓరకంట చూస్తూనే ఉన్నాడు. ఆరింటికి అధికారి మళ్ళీ వచ్చి ఫిర్యాదుల పుస్తకం అడిగింది. కిటికీ ముందు నిలబడే చదివింది. బామ్మర్ది షెడ్డు తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"మూడున్నాయి," అంది.

పడవలాయన చేతిలోని తాడు కింద పెట్టాడు.

"రెండు పడవలు ఖాళీగా ఉండగా ఇవ్వలేదు. కట్టేసిన పడవలు ఎవరి కోసం? మూడోవాడు ఒక్క ముక్క రాశాడు, అన్యాయం అని." ఆవిడ పుస్తకం మూసింది. "తడి మాట ఎవరూ రాయలేదు."

అక్కడే నిలబడి ప్లాస్టిక్ పడవల వాళ్ళకు ఫోన్ చేసి వద్దని చెప్పింది. ఫోన్ పెట్టేశాక, ఇక మీదట ఎనిమిది రోజులూ పూర్తి కానిదే తేదీ అచ్చు వేయించనని పడవలాయనతో అంది. ఆయన తలూపాడు. భార్య, "సంతోషించారు మేడమ్. అది సంతోషమే," అని వివరించింది.

సోమవారం పొద్దున మిగిలిన రెండు పడవలనూ మళ్ళీ ముంచారు. రాళ్ళు వేసింది బామ్మర్దే. ఒక్కో రాయీ పసిపిల్లను దించినట్టు దించాడు. ఈసారి పొరపాటు జరక్కుండా బోర్డు పెట్టించమంది అధికారి. అది కూడా తనే రాస్తానని బామ్మర్ది పట్టుబట్టి, మధ్యాహ్నం దాకా నాలుక బయట పెట్టి, తెల్ల రంగుతో పెద్ద అక్షరాలు దిద్దాడు.

"ఇవి మునిగిపోలేదు. మేమే ముంచాం. దయచేసి కాపాడవద్దు."

"కింద నీ సంతకం కూడా పెట్టు," అంది వాళ్ళక్క.

సాయంత్రంలోగా అయిదుగురు టికెట్ల కిటికీ దగ్గరికి వచ్చి, బోర్డు చదివామనీ, అయినా ఆ పడవలు నిజంగానే మునిగిపోయినట్టున్నాయనీ చెప్పారు. వాళ్ళలో ఇద్దరు అప్పటికే ప్యాంట్లు మడుచుకుని ఉన్నారు.