వీధివైపు తిప్పిన బూట్లు

గుమ్మంలో ఎవరి బూట్లయినా ఇంటివైపు చూస్తూ కనిపిస్తే కినుయో చేతులు ఊరుకోవు. మోకాళ్ల మీద కూర్చుని ప్రతి జతనీ వీధివైపు తిప్పి పెడుతుంది, వెళ్లేవాళ్లు తడుముకోకుండా తొడుక్కోవాలని. కాపురానికొచ్చిన నాటి నుంచీ అదే అలవాటు. కొత్తగా తెచ్చి పెంచుకుంటున్న ముసలి కుక్క గోమాకి మాత్రం ఆ పని గిట్టదు. తడిగుడ్డతో పాదాలు తుడిపించుకుని బుద్ధిగా ఇంట్లోకి వస్తుంది, పెట్టింది తింటుంది. ఆమె బూట్లు తిప్పిందా, పరుగున వచ్చి వాటిమీద పడుకుని సన్నగా మూలుగుతుంది.

"మొండిఘటం! కొరికేస్తుందేమో చూడండి అత్తయ్యా," అంటుంది కోడలు సతోమి.

"కొరకదమ్మా, వెచ్చదనం కోసం చేరుతోంది," అంటుంది కినుయో.

ఆదివారం, కుక్కని ఇచ్చిన జంతు సంరక్షణ కేంద్రం నుంచి ఒజావా చూడ్డానికొచ్చాడు. కినుయో అతని బూట్లు తిప్పగానే గోమా వాటిమీద వాలిపోయింది. ఒజావా మొహం చిన్నబోయింది. "దీన్ని పెంచిన తాతగారిని పిల్లలు వృద్ధాశ్రమానికి తీసుకెళ్లిపోయారండీ. వెళ్లేముందు ఆయన బూట్లు ఇలాగే తిప్పి పెట్టారట. నేనెళ్లేసరికి ఇది ఖాళీ గుమ్మంలో కూర్చునుంది."

అతను వెళ్లాక కినుయో అక్కణ్ణించి లేవలేదు. భర్త వీధిలో కుప్పకూలి, మరి తిరిగిరాని రోజు పొద్దున, ఆయన బూట్లు తిప్పి పెట్టింది తనే.

సాయంత్రం కొడుకు ఇంటికొచ్చి బూట్లు విడిచాడు. ఆమె చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది. "ఎవరూ ఎక్కడికీ పోవడం లేదులేవే," అంది గోమాతో. తరవాత ఆస్పత్రివాళ్లు సంచిలో పెట్టిచ్చిన భర్త బూట్లని అరలోంచి తీసి, కొడుకు బూట్ల పక్కన పెట్టింది, ఇంటివైపు తిప్పి.